అడగని ఇంటి ఆదాయం ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని ఔజ్లీ అనే చిన్న కౌంటీలో కుటుంబాల మధ్యగత ఆదాయం ఏటా ఎంతో చూపించే గ్రాఫు ఒకటి చూశాను. ప్రతి ఏడాదీ ఇంటింటికీ వెళ్ళి అడుగుతారా? అడిగితే మాత్రం జనం నిజం చెప్తారా? ఆ గీత పైకి పోతే అక్కడివాళ్ళు బాగుపడినట్టేనా?
– ఒక పదో తరగతి విద్యార్థిని

మొదటి ప్రశ్నకు జవాబు పొడుగు. రెండోదానికి జవాబు కాస్త తమాషాగా ఉంటుంది. మూడోది చాలామంది పెద్దవాళ్ళకు కూడా తట్టని ప్రశ్న. వరసగానే చూద్దాం.

ముందు ఆ చోటు సంగతి. అమెరికాలో రాష్ట్రానికి కింద ఉండే పాలనా విభాగం కౌంటీ. మన జిల్లా లాంటిదే గాని, జనం లెక్కలో చాలా కౌంటీలు మన మండలం పాటి కూడా ఉండవు. ఔజ్లీ కౌంటీ తూర్పు కెంటకీలో, అపలేచియన్ కొండల్లో ఉంది. 2020 జనాభా లెక్కల్లో అక్కడ తేలినవాళ్ళు 4,051 మంది. మన దగ్గర ఓ మాదిరి పెద్ద పంచాయతీలోనే అంతకన్నా ఎక్కువ మంది ఉంటారు. బూన్‌విల్ అనే చిన్న ఊరు దానికి ముఖ్యపట్టణం. ఒకప్పుడు బర్లీ పొగాకు పండించి బతికిన ప్రాంతం. 2000 జనాభా లెక్కల ప్రకారం అక్కడి కుటుంబాల మధ్యగత ఆదాయం ఏడాదికి 15,805 డాలర్లు. అదే లెక్కలో దేశం మొత్తానికి వచ్చింది 41,994. అమెరికాలో బాగా వెనకబడ్డ కౌంటీల్లో అదొకటని దీన్నిబట్టే తెలుస్తోంది.

మధ్యగతం అన్నావు, సగటు అనలేదు. అక్కడే సగం పని అయింది. ఒక వీధిలో తొమ్మిది ఇళ్ళున్నాయనుకుందాం. వాటి ఏడాది ఆదాయాలు వేల డాలర్లలో ఇవి: 9, 11, 14, 16, 18, 27, 33, 48, 210. అన్నీ కూడితే 386. తొమ్మిదితో భాగిస్తే సగటు దాదాపు 43 వేలు. కాని ఆ వీధిలో 43 వేలు దాటినవి రెండే ఇళ్ళు. చివరి ఇల్లు కలప మిల్లు యజమానిది అనుకో, ఆయనొక్కడే సగటును పైకి లాగేశాడు. ఆదాయాలను వరసలో పెట్టి నడిమి ఇంటిని, అంటే ఐదో ఇంటిని చూస్తే 18 వేలు. అదే మధ్యగతం. మిల్లు యజమాని ఆదాయం రెట్టింపైనా అది అంగుళం కదలదు.

మన దగ్గర జిల్లాలవారీగా పేపర్లో వచ్చే తలసరి ఆదాయం ఈ కోవలోది కాదు. జిల్లాలో జరిగిన ఉత్పత్తి విలువను అక్కడి జనాభాతో భాగిస్తే వచ్చేది అది. తెలంగాణలో రంగారెడ్డి జిల్లా ముందు వరసలో నిలవడానికి అక్కడున్న ఐటీ కంపెనీలు పెద్ద కారణం. ఆ అంకె పట్టుకుని అదే జిల్లాలోని మారుమూల పల్లెలో ఇల్లెలా గడుస్తోందో చెప్పలేం.

ఇక ‘కుటుంబం’, ‘ఆదాయం’ అంటే ఏమిటో కూడా తేల్చుకోవాలి. అమెరికా సెన్సస్ బ్యూరో (జనగణన సంస్థ) లెక్కలో ఒకే ఇంట్లో కాపురముంటున్న వాళ్ళంతా ఒక కుటుంబమే, చుట్టరికం ఉన్నా లేకపోయినా. వాళ్ళలో పదిహేనేళ్ళు, ఆపైన ఉన్న ప్రతివారి ఆదాయాన్నీ కలుపుతారు. జీతం, కూలి, వ్యాపారం, వ్యవసాయం, వృద్ధాప్య పింఛను, ప్రభుత్వం నగదుగా ఇచ్చే సాయం, అన్నీ పన్ను కట్టకముందు లెక్క. నగదు కానివి ఇందులో చేరవు. పేదలకు సరుకులు కొనుక్కోవడానికి ఇచ్చే ఫుడ్ స్టాంపులు, ప్రభుత్వం భరించే వైద్యం, పెరట్లో పండించుకున్న చిక్కుళ్ళు, బంగాళాదుంపలు లెక్కకు రావు. ఔజ్లీ లాంటి చోట ఇది చిన్న విషయం కాదు. చాలా ఇళ్ళు గడవడానికి ఆసరా అయినవే ఈ లెక్కలోంచి జారిపోతున్నాయి.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న. ఇంటింటికీ వెళ్తారా? పదేళ్ళకోసారి జనాభా లెక్కల సమయంలో ప్రతి ఇంటినీ లెక్కిస్తారు. అప్పుడైనా ఆదాయం గురించి అందరినీ అడగరు. 2000లో దేశం మొత్తం మీద సుమారు ఆరిళ్ళలో ఒక ఇంటికి మాత్రం పెద్ద ఫారం ఇచ్చారు. ఆదాయం ప్రశ్నలు అందులోనే ఉండేవి. పైన చెప్పిన 15,805 అలా వచ్చిందే. 2000లో అడిగారు గనక అది 1999లో వచ్చిన ఆదాయం. ఆ పద్ధతిలో ఒకసారి అడిగాక పదేళ్ళదాకా మళ్ళీ అడిగేవారు కారు. పదేళ్ళలో ఒక ఫ్యాక్టరీ మూతపడొచ్చు, పొగాకు ధర పడిపోవచ్చు. అయినా కాగితం మీద పాత అంకే ఉంటుంది.

ఆ పెద్ద ఫారం బదులు 2005 నుంచి అమెరికన్ కమ్యూనిటీ సర్వే అనే సర్వే దేశమంతటా ఆగకుండా నడుస్తోంది. ఏడాదికి సుమారు 35 లక్షల చిరునామాలను ఎంచి, నెలనెలా కొన్నింటికి ప్రశ్నలు పంపుతారు. దేశంలో ఉన్న ఇళ్ళతో పోలిస్తే ఇది దాదాపు నలభైకి ఒకటి. 2000లో ఔజ్లీలో ఉన్న కుటుంబాలు 1,894. నలభైకి ఒకటి చొప్పున వేస్తే యాభై ఇళ్ళు కూడా తేలవు. చిన్న చోట్ల నిష్పత్తిని పెంచుతారు గాని, ఎంత పెంచినా చేతికొచ్చే జవాబులు కొద్దే.

వచ్చిన జవాబుల్లోంచి మధ్యగతం తీయడం నీకు తెలిసిన పనే. సాంఖ్యక శాస్త్రం పాఠంలో వర్గీకృత దత్తాంశానికి మధ్యగతం కట్టే సూత్రం చదువుకుంటున్నావు కదా, ఇక్కడా ఆ పద్ధతే. యాభై ఇళ్ళు జవాబిచ్చాయనుకో. 10 వేల లోపు 14 ఇళ్ళు, 10 నుంచి 20 వేల మధ్య 16, మిగతా 20 అంతకు పైన. యాభైలో సగం 25. మొదటి తరగతిలో 14 అయిపోయాయి, ఇంకా 11 కావాలి. రెండో తరగతిలో ఉన్న పదహారింటిలో పదకొండో దాకా వెళ్ళాలి. అంటే 10,000కి 11/16 వంతు 10,000 కలపాలి: 16,875 డాలర్లు. అసలు లెక్కలో తరగతులు ఇంతకన్నా సన్నగా ఉంటాయి. పైగా జవాబిచ్చిన ఒక్కో ఇల్లు అడగని ఇళ్ళ తరఫున కూడా నిలబడుతుంది గనక దేనికెంత బరువివ్వాలో వేరే లెక్క ఉంటుంది. దారి మాత్రం ఇదే.

చిక్కు సూత్రంలో లేదు, ఇళ్ళు కొద్దిగా ఉండటంలో ఉంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. గిన్నెలో మెతుకులన్నీ ఒకే నీళ్ళలో, ఒకే మంట మీద ఉడికాయి గనక ఆ మాట చెల్లుతుంది. ఇళ్ళు అలా ఉండవు. మన తొమ్మిదిళ్ళ వీధినే తీసుకో. చీటీ తీసి మూడిళ్ళను అడిగామనుకుందాం. 9, 16, 48 తగిలితే మధ్యగతం 16 వేలు. 11, 27, 33 తగిలితే 27 వేలు. ఖర్మ కాలి 33, 48, 210 తగిలితే 48 వేలు. వీధి మారలేదు, ఎవరి ఆదాయమూ మారలేదు. చీటీ మారింది, అంతే. ఇలాంటి అంకెలను ఏడాది తర్వాత ఏడాది గ్రాఫులో పెడితే గీత ఎగిరిపడుతూ ఉంటుంది. ఆ ఎగురుడు జనం బతుకుల్లోది కాదు, చీటీలది.

అందుకే జనాభా 65,000 దాటిన చోట్లకు మాత్రమే ఈ సర్వే మామూలుగా ఒక్క ఏడాది అంకెలు ఇస్తుంది. ఔజ్లీ లాంటి చోట్లకు ఐదేళ్ళ జవాబులను కలిపి ఒకే అంకె ఇస్తారు. కలిపితే అంకె నిలకడగా ఉంటుంది. బదులుగా పోయేదీ ఒకటుంది. 2015–2019 అంకె ఏ ఒక్క ఏడాదిదీ కాదు, ఐదేళ్ళదీ కలిపినది. దాని పక్కన 2016–2020 అంకె పెట్టి పోలిస్తే నాలుగేళ్ళు రెండింటిలోనూ ఉన్నవే. పోల్చాలంటే 2010–2014 ముక్కను, 2015–2019 ముక్కను పక్కపక్కన పెట్టాలి.

మరి నువ్వు చూసిన గ్రాఫులో ఏటా ఒక చుక్క ఎలా ఉంది? ఎవరికో ఏటా ఆ అంకె కావలసి వచ్చింది గనక. పేద పిల్లలు ఎక్కువగా ఉన్న బడులకు అమెరికా కేంద్ర ప్రభుత్వం ‘టైటిల్ 1’ పేరుతో డబ్బిస్తుంది. ఆ పంపకం చాలాకాలం పదేళ్ళకోసారి వచ్చే పాత లెక్కల మీదే నడిచింది. తాజా అంచనాలు వాడాలని 1994లో చట్టం చేశారు. దానికోసమే సెన్సస్ బ్యూరోలో చిన్న ప్రాంతాల ఆదాయ, పేదరిక అంచనాల కార్యక్రమం ఊపందుకుంది. అందరూ దాన్ని ‘సైపీ’ అంటారు. 1990ల చివరినుంచి ప్రతి కౌంటీకీ ఏటా పేదరికంతో పాటు మధ్యగత ఆదాయం అంచనా కూడా అది ఇస్తోంది.

దాని కిటుకు ఇదీ. ఔజ్లీలో సర్వే జవాబులు కొద్దిగానే ఉన్నా, ఔజ్లీ గురించి వేరే కాగితాలు బోలెడు ఉన్నాయి. ఆదాయపు పన్ను రిటర్నులు ఉన్నాయి. పన్ను కాగితాల్లో అసలు కనిపించని జనం ఎంతమందో లెక్క ఉంది. ప్రభుత్వం నుంచి వచ్చే చెల్లింపులు ఆ కౌంటీ ఆదాయంలో ఎంత వాటాయో లెక్క ఉంది. ఇవి శాంపిల్ (ఎంచి తీసిన కొన్ని ఇళ్ళ లెక్క) కాదు, దాదాపు పూర్తి లెక్కలు. అయితే వీటిలో ఏదీ నేరుగా కుటుంబ ఆదాయం కాదు. ఒకే ఇంట్లో తండ్రి ఒక రిటర్ను, కొడుకు ఒక రిటర్ను వేయొచ్చు. ఆదాయం బాగా తక్కువైతే రిటర్ను వేయనక్కరలేదు. కాబట్టి ఏం చేస్తారంటే, దేశంలోని 3,100 పైచిలుకు కౌంటీలను పరచి చూస్తారు. పన్ను రిటర్నుల మధ్యగతం ఇంత, రిటర్ను వేయనివాళ్ళు ఇంతమంది, ప్రభుత్వ చెల్లింపుల వాటా ఇంత ఉన్నచోట సర్వేలో కుటుంబ ఆదాయం సాధారణంగా ఎంత వస్తోంది అని ఒక సంబంధం కడతారు. ఆ సంబంధంలో ఔజ్లీ కాగితాలు పెడితే, ఇలాంటి కౌంటీలో ఆదాయం ఇంత ఉండాలి అని ఒక అంకె వస్తుంది.

ఇప్పుడు చేతిలో రెండు అంకెలున్నాయి. సర్వే చెప్పింది 31,000, కాగితాలు చెప్పింది 27,000 అనుకుందాం. దేన్ని నమ్మాలి? రెండింటినీ, అయితే దేని నిలకడను బట్టి దాన్ని. సర్వే అంకె ఊగిసలాట (విస్తృతి) కాగితాల అంకెకన్నా మూడు రెట్లు ఎక్కువైతే, సర్వేకు పావు వంతు, కాగితాలకు ముప్పావు వంతు బరువిస్తారు. 31,000లో పావు 7,750, 27,000లో ముప్పావు 20,250, కలిపితే 28,000. లాస్ ఏంజెలస్ లాంటి కౌంటీలో వేలకు వేలు జవాబులొస్తాయి గనక అక్కడ బరువంతా సర్వే వైపే మొగ్గుతుంది. ఔజ్లీలో తక్కెడ కాగితాల వైపు వాలుతుంది. నువ్వు చూసిన చుక్క, అంటే, ఔజ్లీ వాళ్ళు చెప్పినది కొంత, ఔజ్లీ లాంటి చోట్ల గురించి దేశమంతా చెప్పినది చాలా.

ఈ దారి వేసినవాళ్ళు రాబర్ట్ ఫే, రోజర్ హెరియట్. 1970 జనాభా లెక్కల నుంచి వెయ్యి మంది లోపున్న ఊళ్ళకు తలసరి ఆదాయం కట్టాల్సి వచ్చింది, కేంద్రం ఊళ్ళకు డబ్బు పంచడానికే. అప్పటిదాకా మరీ చిన్న ఊళ్ళకు కౌంటీ అంకెనే అంటగట్టేవారు. వీళ్ళు శాంపిల్ అంకెనూ కాగితాల అంకెనూ బరువులేసి కలిపే పద్ధతిని 1979లో ప్రచురించారు. అంచనా ఎంత సరిగ్గా వచ్చిందో చూడటానికి కొన్ని ఊళ్ళలో విడిగా జరిపిన పూర్తి జనగణనతో సరిచూశారు కూడా. ఈ విద్య మొత్తానికీ ఇప్పుడు ప్రామాణికంగా చూసే పుస్తకం 2003లో వచ్చింది. రాసినది జె.ఎన్.కె. రావు, మన ఏలూరులో పుట్టి, అయోవాలో పీహెచ్‌డీ చేసి, కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన గణాంక శాస్త్రవేత్త.

రెండో ప్రశ్న, జనం నిజం చెప్తారా? మన పెళ్ళిచూపుల్లో అడిగినంత తేలిగ్గా అక్కడ జీతం అడగరు. జనాభా లెక్కల్లో ఆదాయం ప్రశ్న మొదటిసారి 1940లో పెట్టినప్పుడు పెద్ద గొడవే అయింది. న్యూ హ్యాంప్‌షైర్ సెనేటర్ చార్లెస్ టోబీ ఇది ప్రభుత్వం అడగాల్సిన విషయం కాదని ప్రచారం చేశారు. ఇంటికొచ్చిన మనిషి ముందు చెప్పడం ఇష్టంలేని వాళ్ళు విడి కాగితం మీద రాసి, కవరు అంటించి పంపుకోవచ్చని అధికారులు వెసులుబాటు ఇవ్వాల్సి వచ్చింది. ఆ అవకాశం వాడుకున్నవాళ్ళు మాత్రం చాలా కొద్దిమంది.

నిజానికి అబద్ధం కన్నా మరుపు పెద్ద సమస్య. నెల జీతం అందరికీ గుర్తుంటుంది. బ్యాంకు వడ్డీ, అప్పుడప్పుడూ దొరికిన కూలి, కొన్ని నెలలే అందిన ప్రభుత్వ సాయం, ఇవి జవాబుల్లో తక్కువగా వస్తాయని పన్ను రికార్డులతో, పథకాల రికార్డులతో సరిచూసిన పరిశోధకులకు తెలుసు. ఆదాయం గడి ఖాళీగా వదిలేసేవాళ్ళూ ఉంటారు. అప్పుడు వయసు, చదువు, పని వగైరాల్లో దగ్గరగా ఉన్న మరో ఇంటి జవాబు చూసి ఆ గడి నింపుతారు. చేతికి చేతిగా తీసుకున్న డబ్బు, ఉదాహరణకు పక్కింటి పైకప్పు బాగుచేసినందుకు వచ్చినది, సర్వేలో చెప్పకపోవచ్చు, పన్ను కాగితంలోనూ ఉండకపోవచ్చు. రెండు మూలాలూ ఒకేచోట తడబడితే కలిపినా లాభం లేదు.

ఇక మూడోది. గీత పైకి పోతే బాగుపడినట్టేనా?

మొదట డాలరు విలువ. 1999 నుంచి 2023కి అమెరికాలో వినియోగ వస్తువుల ధరలు సుమారు 1.83 రెట్లయ్యాయి. 1999 నాటి 15,805తో కొనగలిగినది 2023లో కొనాలంటే సుమారు 28,900 కావాలి. కాబట్టి 2023 అంకె 28,900 దాటితేనే ఎదిగినట్టు. సైపీ అంకెలు ఏ ఏటి డాలర్లలో ఆ ఏడు ఇచ్చినవి. ధరల సర్దుబాటు మనమే చేసుకోవాలి.

తర్వాత కొలబద్ద మారిన చోటు. 2004 దాకా సైపీకి ఆధారం కరెంట్ పాపులేషన్ సర్వే అనే వేరే సర్వే. దాని శాంపిల్ చాలా చిన్నది, ఎక్కువ కౌంటీల నుంచి అందులో ఒక్క ఇల్లు కూడా ఉండేది కాదు. 2005 నుంచి అమెరికన్ కమ్యూనిటీ సర్వే ఆధారమైంది. ప్రశ్నలు వేరు, ఏ నెలల ఆదాయం అడుగుతారన్నదీ వేరు. 2004కీ 2005కీ మధ్య గీతలో వంపు కనిపిస్తే అది ఊళ్ళో వచ్చిన మార్పు కాకపోవచ్చు. 2020లో కోవిడ్ వల్ల జవాబులు ఎంత దెబ్బతిన్నాయంటే, సర్వే ఆ ఏటి మామూలు ఒక్క ఏడాది అంకెలను విడుదలే చెయ్యలేదు.

అంకె పక్కన ఉండే దోష పరిధి (ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే హద్దు) కూడా చూడాలి. ఒక ఐదేళ్ళ ముక్కలో 27,000, అటూ ఇటూ 3,000 అనుకుందాం. తర్వాతి ముక్కలో 30,000, అటూ ఇటూ 4,000. పెరిగిందా? తేడా 3,000. రెండు శాంపిళ్ళూ వేటికవే తీసినవైతే, తేడాకుండే హద్దు కట్టడానికి రెండు హద్దుల వర్గాలను కూడి వర్గమూలం తీయాలి. 9, 16 కూడితే 25, వర్గమూలం 5. అంటే 5,000. తేడా అందులో ఇమిడిపోయింది. పెరిగిందని గట్టిగా అనలేం, తగ్గిందనీ అనలేం.

ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా గీత నిజంగానే పెరిగిందనుకుందాం. అప్పుడైనా అది ఎవరి ఆదాయం? సర్వే ఏటా అవే ఇళ్ళను వెంబడించదు. ఔజ్లీ జనాభా 2010లో 4,755. 2020కి 704 మంది తగ్గారు. మన వీధిలో 9 వేలు, 11 వేలు ఉన్న రెండిళ్ళు ఒంటరి ముసలివాళ్ళవి అనుకో. ఒకరు పోయారు, ఒకరిని కూతురు వేరే రాష్ట్రానికి తీసుకెళ్ళింది. మిగిలిన ఏడిళ్ళు 14, 16, 18, 27, 33, 48, 210. నడిమిది 27. మధ్యగతం 18 వేల నుంచి 27 వేలకు ఎగబాకింది. వీధిలో ఎవరూ ఒక్క డాలరు ఎక్కువ సంపాదించలేదు. తలకిందులుగా 27, 33 ఉన్న వయసు జంటలు పని వెతుక్కుంటూ లెక్సింగ్టన్ నగరానికి వెళ్ళిపోయారనుకో, మధ్యగతం 16 వేలకు దిగుతుంది. వెళ్ళిన వాళ్ళు అక్కడ ఇంకా బాగా సంపాదిస్తూ ఉండొచ్చు, కాని ఔజ్లీ గీత కిందికే చూపిస్తుంది.

ఈ రెండింట్లో ఏది జరిగిందో ఆదాయం గ్రాఫు చెప్పదు. దానికి వేరే లెక్క ఉంది. ఏడాదికేడాది రిటర్ను మీది చిరునామా మారినవాళ్ళను పట్టి, ఏ కౌంటీ నుంచి ఏ కౌంటీకి ఎన్ని రిటర్నులు, ఎంత ఆదాయంతో కదిలాయో అమెరికా పన్నుల శాఖ ప్రకటిస్తుంది. ఔజ్లీ గీత పక్కన ఆ పట్టిక పెట్టుకుని చూడు. రిటర్ను వేయని ముసలివాళ్ళు అందులోనూ ఉండరు, వాళ్ళకోసం జనాభా లెక్కల్లో వయసులవారీ పట్టిక తెరవాలి.